శాలువా మీద ఆకు

మెట్లు ఇరవై రెండు. వీధి గుమ్మం దగ్గర మొదలై, పదకొండో మెట్టు దగ్గర ఒక మలుపు తిరిగి, మేడమీది ఒంటిగది తలుపు ముందు ఆగుతాయి. ఆ గదిలో ఉంటున్న రఫూ మాస్టరుకి ఈ నాలుగున్నర నెలల్లో అడుగుల చప్పుడు బట్టి మనిషిని పోల్చుకోవడం బాగా అలవాటైంది. పోల్చుకోవడానికి మనుషులు మాత్రం పట్టుమని నలుగురు లేరు. ఇంటి ఓనరమ్మ అడుగులు బరువుగా, ఆయాసంగా మలుపు దాకా వచ్చి ఆగుతాయి. అక్కడ పాలగిన్నె పెట్టి, "మాస్టరుగారూ, పెట్టేశానండోయ్!" అని ఒక కేక వేసి, ఎక్కినప్పటి ఆయాసమంతా ఏమైపోయిందో గానీ, చకచకా దిగిపోతుంది. నీళ్ళ డబ్బా తెచ్చేవాడు కూడా అక్కడే దింపుతాడు. ఒకరోజు పోల్చుకోలేని అడుగులు మలుపు దాకా వచ్చి, చాలాసేపు ఆగి, మెల్లగా దిగిపోయాయి. కరెంటు మీటరు చూసేవాడేమో అనుకున్నాడు. పదకొండో మెట్టుకీ పన్నెండో మెట్టుకీ మధ్య ఎవరూ గీయని గీత ఒకటి ఉంది.

ఆ గీత దాటి వచ్చేది ఒక్క మనిషి. ఆరోగ్యకేంద్రం నుంచి వచ్చే మాత్రల అమ్మాయి.

పొద్దున తొమ్మిదింటికి వస్తుంది. ఒక చెప్పు మడమ అరిగిపోయి, రెండు కాళ్ళూ రెండు రకాలుగా చప్పుడు చేస్తాయి. అది వినగానే మాస్టరు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, మాస్కు తగిలించుకుని, మంచం మీద బుద్ధిగా కూర్చుంటాడు. తల దువ్వుకోవడం కూడా ఆ వేళకు పూర్తవుతుంది. రోజంతటికీ ఆ తల చూసేది ఆమె ఒక్కతే.

"ఏం బాబాయ్, పెళ్ళికొడుకులా తయారై కూర్చున్నారు?"

"పెళ్ళికొడుక్కి ఇన్ని మాత్రలు మింగిస్తారటమ్మా ఎక్కడైనా?"

"మింగిస్తారు. కాకపోతే పెళ్ళయ్యాక."

మాత్రలు అరచేతిలో పోస్తుంది. ఒక్కొక్కటీ గొంతు దిగేదాకా చూస్తుంది. "నోరు తెరవండి. నాలుక ఎత్తండి. శభాష్" అని తన అట్టలో టిక్కు పెట్టుకుంటుంది. వాంతి అయిందా, తల తిరిగిందా, పాదాల్లో తిమ్మిరి ఎంతవరకు పాకింది అని అడుగుతుంది. అడిగినవాటికి మాస్టరు నిజమే చెబుతాడు. కళ్ళ సంగతి మాత్రం రోజూ అడగదు. దానికి నెలకోసారి పరీక్ష ఉంది. ఆ పరీక్ష సంగతి తర్వాత చెప్పుకుందాం.

పది నిమిషాలు. ఆ తర్వాత చెప్పుల చప్పుడు ఇరవై రెండు మెట్లూ దిగిపోతుంది. మర్నాడు తొమ్మిది దాకా ఇరవై నాలుగు గంటలకు పది నిమిషాలు తక్కువ.

మాస్టరుకి టీబీ రావడం ఇది రెండోసారి. మొదటిసారి మామూలు రకమే. అప్పుడు భార్య ఉండేది. గోడ కాలెండరు మీద, మాత్ర మింగిన ప్రతి తేదీకీ పెన్సిలుతో ఒక అడ్డగీత పెట్టేది. ఒకరోజు గీత పెట్టకుండానే మంచం పట్టింది. మాస్టరు ఆసుపత్రికీ, తను పనిచేసే లాండ్రీకీ, మళ్ళీ ఆసుపత్రికీ తిరిగాడు. ఆవిడ మాత్రలు వేళ తప్పకుండా వేశాడు. తన మాత్రలు సొరుగులో ఉండిపోయాయి. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు, ఆసుపత్రిలో అంతమంది డాక్టర్లు ఎదురుగా తిరుగుతున్నా వాళ్ళకీ చెప్పలేదు. మూడు వారాలకు ఆవిడ పోయింది. కాలెండరు మీద గీతలు ఎక్కడ ఆగాయో అక్కడే ఉన్నాయి.

రెండేళ్ళ తర్వాత దగ్గు తిరిగి వచ్చినప్పుడు పాత మందులు దాని మీద ఏమీ పని చేయలేదు.

"మందులకి లొంగని రకం ఇది. మొండిది," అంది డాక్టరమ్మ. "కానీ దీన్నీ లొంగదీసే మందులున్నాయి. ఆరు నెలలు. ఒక్క రోజు కూడా తప్పకూడదు. మధ్యలో ఏదైనా మందు ఆపాల్సి వస్తే ఏడాది పట్టొచ్చు, ఏడాదిన్నరా పట్టొచ్చు. ఏ చిన్న ఇబ్బంది వచ్చినా చెప్పండి."

ఇన్ని మాటల్లో మాస్టరు చెవిని పట్టుకున్నవి రెండే: ఆరు నెలలు, ఏడాదిన్నర. మొదటి వారంలోనే చేతిలో పెట్టిన కాగితంలో మరొకటి ఉంది: పసిపిల్లలకు దూరంగా ఉండాలి. ఎప్పటివరకు అన్నది రాయలేదు. ఆయనా అడగలేదు.

నాలుగు బస్టాపుల అవతల ఉన్న కూతురికి అప్పుడు తొమ్మిదో నెల. ఫోనులో గట్టిగా చెప్పేశాడు: "ఈ మందుల కోర్సు అయ్యేదాకా నువ్వు గానీ, నీ బిడ్డ గానీ నా గది మెట్లెక్కితే నా మీద ఒట్టే." పాప పుట్టింది. నవ్వడం నేర్చుకుంది. మాస్టరుది బటన్ల ఫోను, అందులో బొమ్మలు రావు. పాప ఏడుపు మాత్రం బాగా వినిపిస్తుంది. ఒకసారి మాత్రల అమ్మాయి కూతురి నంబరు తీసుకుని, తన ఫోనులోకి ఫొటో తెప్పించి చూపించింది.

"గౌను రంగు అదిరిపోయింది కదూ బాబాయ్?"

"అదిరిపోయింది," అన్నాడు మాస్టరు. ఆయన కంటికి అది నానబెట్టిన అట్టముక్క రంగులో ఉంది.

ఇక కళ్ళ పరీక్ష సంగతి. మింగే మాత్రల్లో ఒకటి కొందరి కళ్ళను పట్టుకుంటుందట. ముందు రంగులు పోతాయి, ఆ తర్వాత చూపు. అందుకని నెలకోసారి కేంద్రంలో ఒక చిన్న పుస్తకం చూపిస్తారు. ప్రతి పేజీలో రంగు రంగుల చుక్కల గుండ్రం ఉంటుంది. ఆ చుక్కల మధ్య వేరే రంగు చుక్కలతో ఒక అంకె దాగి ఉంటుంది. పద్నాలుగు పేజీలు. మాత్రల అమ్మాయి వరసగా తిప్పుతుంది, ఈయన వరసగా చెబుతాడు. మొదటి నెలా రెండో నెలా అన్నీ సరిగ్గా చెప్పాడు.

మూడో నెలలో రెండో పేజీ తిప్పగానే అంకె కనిపించలేదు. చుక్కలన్నీ ఒక్కటిగా కలిసిపోయాయి. "ఎనిమిది," అంది నోరు. అబద్ధం చెబుదామని అనుకోలేదు, నోరు ముందు పరుగెత్తింది. ముప్పై ఏళ్ళుగా లాండ్రీలో ప్రతి బట్టకీ ఒక చీటీ, చీటీకి ఒక నంబరు. ఎవరి కోటు ఏ నంబరో ఓనరు పుస్తకం తెరిచేలోపు చెప్పేవాడు. రెండుసార్లు చూసిన అంకెల వరస అలాంటివాడి తలలోంచి ఎక్కడికి పోతుంది? ఇరవై తొమ్మిది, అయిదు, మూడు, పదిహేను, డెబ్భై నాలుగు... గడగడా అప్పజెప్పాడు.

"మీ కళ్ళు డేగ కళ్ళు బాబాయ్," అంది ఆ అమ్మాయి.

నాలుగో నెలలో నోరు కాదు, మనిషే చెప్పాడు. ఒక్కో పేజీకి కాస్త ఆగి, కళ్ళు చిట్లించి, చూసి చెబుతున్నట్టు మరీ చెప్పాడు. ఇంటికి నడుస్తూ తనకు తాను సర్ది చెప్పుకున్నాడు: ఆ పుస్తకంలో చుక్కలు వేరు, నా దారాలు వేరు. ఈ రెండు నెలలూ గడిస్తే మందులు ఆగుతాయి, కళ్ళూ తేరుకుంటాయి. ఇప్పుడు చెప్పానా, మందు ఆపేస్తారు, ఆరు కాస్తా పద్దెనిమిది అవుతాయి. నేను వెళ్ళేసరికి పాప నడిచి వచ్చి తలుపు తీస్తుంది, ఎవరు నువ్వు అంటుంది.

కోర్సు అయిన రోజున వట్టి చేతులతో ఎలా వెళ్ళడం? భార్య శాలువా ఒకటి ఉంది, ఇటుకరంగుది. పాపని చుట్టడానికి సరిగ్గా సరిపోతుంది. ఆసుపత్రి మంచం మేకు పట్టుకుని అంచు దగ్గర రెండు వేళ్ళ వెడల్పున చిరిగింది. ఆ చిరుగు చూపించి ఆవిడ చివరి రోజుల్లో కూడా దెప్పింది. "ఊళ్ళోవాళ్ళ చిరుగులన్నీ నీ నెత్తి మీదే. కట్టుకున్నదాని శాలువా మాత్రం ఎలుక కొరికినట్టు ఉండాలి."

"రేపు చేస్తాలే," అన్నాడు అప్పుడు.

రఫూ అంటే చిరిగినచోట గుడ్డముక్క వేసి కుట్టడం కాదు. బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, వాటినే నిలువునా అడ్డంగా అల్లి, చిరిగినచోట కొత్తగా బట్ట నేయడం. అదే బట్ట పోగు కాబట్టి రంగు తేడా రాదు. శాలువాకి మడత ఉండదు. అందుకని బయటి దారం వెతకాలి. మాస్టరు తన రీళ్ళ పెట్టె ముందేసుకుని, పట్టపగలు, కిటికీ పక్కన, ఒక్కో రీలూ శాలువా మీద పెట్టి చూశాడు. దారం రంగు విషయంలో ఆయన ఇంతవరకు ఎవరి మాటా విన్నవాడు కాదు. లాండ్రీ ఓనరు "ఇదే కదయ్యా" అంటే, "మీకు ఇదే, బట్టకి కాదు" అనేవాడు. గంటసేపు చూసి ఒకటి తీశాడు. సూదిలో దారం ఎక్కించడానికి ఒక పూట పట్టింది. పని నాలుగు రోజులు. అయ్యాక బొటనవేలితో తడిమి చూశాడు. ఎత్తుపల్లాలు లేవు. కళ్ళకి ఎదురుగా పెట్టి చూశాడు. చిరుగు ఎక్కడుందో ఆయనకే దొరకలేదు. మరి డేగ కళ్ళే కదా అనుకున్నాడు. ఆ సాయంత్రం గదిలో ఒక్కడే అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాడు. చూపించడానికి మనిషి కావాలనిపించింది.

మర్నాడు మాత్రల అమ్మాయి వచ్చేసరికి శాలువా కుర్చీ వీపు మీద, అంచు ఎదురుగా కనిపించేట్టు పరిచి ఉంది. ఆ అమ్మాయి మాత్రలు పోయబోతూ ఆగింది.

"అబ్బ! ఎంత బాగుంది బాబాయ్! పాప కోసమేనా?"

"ఆ. ఎక్కడ చిరిగిందో చెప్పు చూద్దాం."

"చిరగడమేంటి? నేననేది ఈ ఆకు సంగతి. ఎర్రటి శాలువా మీద ఒంటి ఆకు, పచ్చగా, ఎంత ముద్దుగా ఉందో! మీకు డిజైన్లు కూడా వచ్చని చెప్పలేదే?"

మాస్టరు చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఆకా?"

"ఆకు కాదా? మరి చిలకా?"

మాస్టరు కొంచెంసేపు శాలువా కేసి చూశాడు. "ఆకేనమ్మా," అన్నాడు.

మాత్రలు మింగాడు. నోరు తెరిచాడు. నాలుక ఎత్తాడు. చెప్పుల చప్పుడు దిగిపోయింది.

ఆ తర్వాత చాలాసేపు ఆయన శాలువా దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళాక దాన్ని కిటికీలోకి పట్టుకెళ్ళి ఎండలో పెట్టాడు, నీడలో పెట్టాడు, ఒక కన్ను మూసి చూశాడు, రెండో కన్ను మూసి చూశాడు. అంతా ఒకటే మట్టిరంగు. ఆకు ఎక్కడుందో వేలితో కూడా దొరకలేదు, అంత బాగా కుదిరింది పని. రీళ్ళ పెట్టె తెరిచాడు. ఇరవై ఏడు రీళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఒక్కొక్కటే కూడబెట్టిన రంగులు. బూడిదా, మట్టీ, బూడిద కలిసిన మట్టీ. ఎదురుగా మెకానిక్కు షాపు బోర్డు ఎర్రగా ఉండేది, ఇప్పుడది తుప్పు పట్టిన రేకులా ఉంది. అది బోర్డు పాతబడటం వల్ల అని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఎన్ని వస్తువులు పాతబడ్డాయనుకున్నాడో లెక్కేసుకుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు గదిలో ఎవరో వేరేవాళ్ళు నవ్వినట్టు వినిపించి, చప్పున ఆపేశాడు.

నలభై మూడు రోజులే. పళ్ళ బిగువున పట్టుకుంటే అయిపోతాయి. నిన్నటిదాకా అలాగే అనుకున్నాడు. చుక్కల పుస్తకాన్ని మోసం చేయడం వేరు. దారం చేతిలో పెట్టుకుని, నాలుగు రోజులు కూర్చుని, తన పనే తనని మోసం చేసిందంటే అది వేరు. అంకెలు గుర్తుపెట్టుకోవచ్చు. పాప ముఖం ఇంకా ఎదురుగా చూడనే లేదు, ఏం గుర్తుపెట్టుకుంటాడు? ఆరు నెలలు పూర్తి చేసి, గర్వంగా వెళ్ళి, ఆ తలుపు ముందు నిలబడేసరికి చూడటానికి కళ్ళే లేకపోతే?

గోడ మీద ఆ పాత కాలెండరు ఇంకా ఉంది. మాస్టరు దాని ముందు నిలబడ్డాడు. అప్పుడు మాత్రలు మానేసి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మాత్రలు మింగుతూ ఎవరికీ చెప్పడం లేదు. పెన్సిలు గీతలు పెట్టే మనిషి ఉండుంటే, "ఇంత చదువు చదివావు, ఈ మాత్రం తెలీదా?" అనేది. బీఏ చదివి సూది పట్టాడని ఆవిడకి ఎప్పుడూ వేళాకోళమే.

చొక్కా మార్చుకుని, మాస్కు కట్టుకుని, మెట్లు దిగాడు. పాదాల కింద మెట్లు దూది పరిచినట్టున్నాయి. గోడ పట్టుకుని ఒక్కొక్కటే దిగుతుంటే కింద ఓనరమ్మ ఎదురైంది.

"ఇవాళ మీ పరీక్ష రోజు కాదే మాస్టరుగారూ?"

"కాదండి. నేనే పెట్టించుకుంటున్నాను."

ఆవిడకి అర్థం కాలేదు గానీ, పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఎప్పుడూ తప్పుకునేదే, ఈసారి మాత్రం గేటు కూడా తీసి పట్టుకుంది.

కేంద్రంలో వరండా బెంచీ మీద గంటసేపు కూర్చున్నాడు. పిలిచేసరికి లోపల డాక్టరమ్మా, మాత్రల అమ్మాయీ ఇద్దరూ ఉన్నారు.

"ఏమైంది బాబాయ్? పొద్దున బానే ఉన్నారుగా!"

"ఆ చుక్కల పుస్తకం ఉందా అమ్మా?"

"ఉంది. ఇంకా పది రోజులు టైముంది కదా."

"ఒకసారి చూపించు. కానీ వెనక నుంచి."

"వెనక నుంచా?"

"చివరి పేజీ ముందు, మొదటి పేజీ చివర. లేదా నీ ఇష్టం వచ్చినట్టు తెరువు. వరస మాత్రం వద్దు."

ఆ అమ్మాయి డాక్టరమ్మ కేసి చూసింది. డాక్టరమ్మ తల ఊపింది. ఒక పేజీ తెరిచింది. మాస్టరు చూశాడు. "తెలీదు," అన్నాడు. మరొకటి. "తెలీదు." ఇంకొకటి. "ఇది కూడా తెలీదమ్మా." అయిదో పేజీకి ఆ అమ్మాయి పుస్తకం మూసేసింది.

"నన్ను మోసం చేశారా బాబాయ్?"

"నిన్ను కాదమ్మా. పుస్తకాన్ని."

"పుస్తకం పట్టుకున్నది నేనేగా!" అంది ఆ అమ్మాయి. "ఆ ఆకు... అది ఆకు కాదు కదూ?"

"చిరుగు. ఇటుకరంగు దారంతో కుట్టాననుకున్నాను."

ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుండిపోయింది. "డేగ కళ్ళు అన్నాను," అంది తనలో తాను. డాక్టరమ్మ మాస్టరుని దగ్గరి కుర్చీలోకి పిలిచింది. అక్షరాల అట్ట చూపించి, ఒక్కో కన్నూ మూయించి చదివించింది. టార్చి వేసి చూసింది. ఎప్పటినుంచి అని అడిగి రాసుకుంది. తర్వాత మాత్రల చీటీ తీసి, ఒకదాని మీద అడ్డంగా గీత కొట్టింది.

"ఇది ఇవాళ్టితో ఆపేద్దాం. మిగిలినవి ఆగవు. పై డాక్టర్లతో మాట్లాడి, ఎన్ని నెలలు పొడిగించాలో చెబుతాను. పద్దెనిమిది అని భయపడకండి, మీకు ఇప్పటిదాకా మందులు బాగా పనిచేశాయి. కంటి డాక్టరుకి చీటీ రాస్తాను."

"రంగులు తిరిగి వస్తాయా అమ్మా?"

"చాలామందికి వస్తాయి. నెలలు పడుతుంది. అందరికీ పూర్తిగా రావు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే చూపు సంగతి కూడా చెప్పలేకపోయేదాన్ని." పెన్ను మూత పెట్టి అడిగింది, "ఎందుకు దాచారు?"

మాస్టరు పాప సంగతి చెప్పాడు. మొదటి వారం కాగితం సంగతి చెప్పాడు. చెబుతుంటే ఇంత చిన్న సంగతా అని ఆయనకే అనిపించింది.

డాక్టరమ్మ ఆయన ఫైలు వెనక్కి తిప్పి, ఒకచోట వేలు పెట్టి ఆపింది. "రెండో నెల నుంచీ మీ కఫంలో క్రిమి కనబడటం లేదు. ప్రతి నెలా పరీక్షలో అదే రాసి ఉంది. మీరు పాపని ఎప్పటినుంచో చూడొచ్చు. కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకుని, ముద్దులు పెట్టకుండా." ఫైలు మూసి, "ఈ మాట మీకు ఎవరూ చెప్పలేదా?" అంది.

"నేను అడగలేదు."

"మేము చెప్పాలి," అంది డాక్టరమ్మ. మాత్రల అమ్మాయి తల వంచుకుని పుస్తకం పేజీలు సర్దుతోంది. సర్దడానికి అందులో ఏమీ లేదు.

ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, చాలాసేపు ఫోను చేతిలో పట్టుకున్నాడు. తర్వాత నొక్కాడు.

"నాన్నా? ఏంటి ఈ వేళప్పుడు? బానే ఉన్నావా?"

ఒకదాని తర్వాత ఒకటి అన్నీ చెప్పాడు. అవతల పాప ఏదో కూస్తోంది.

"వింటున్నావా అమ్మా?"

"వింటున్నా. నేను ఒకసారి వచ్చాను నాన్నా."

"ఎక్కడికి?"

"నీ గదికి. పాపకి నెల నిండాక. మలుపు దాకా ఎక్కాను, దాన్ని ఎత్తుకుని. ఒట్టు గుర్తొచ్చి ఆగిపోయాను. నువ్వు దగ్గుతావేమో, కనీసం దగ్గయినా వింటానని నిలబడ్డాను. నువ్వు దగ్గలేదు."

మీటరు చూసేవాడు మలుపు దగ్గర అంతసేపు ఎందుకు ఆగుతాడని ఆ రోజు ఆయనకి తట్టలేదు.

"ఒట్టు తీసేశాను," అన్నాడు. "ఆదివారం రా."

ఆదివారం పది గంటలకు అడుగులు వినిపించాయి. మాస్టరు కిటికీ, తలుపు రెండూ తెరిచి, మాస్కు పెట్టుకుని, గదికి అవతలి గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తొమ్మిది, పది, పదకొండు. అడుగులు ఆగాయి. పాప తుమ్మింది. పన్నెండు. పదమూడు. అక్కణ్ణుంచి లెక్క తప్పిపోయింది.

కూతురు గుమ్మంలోనే చాప వేసుకుని కూర్చుంది, పాప ఒళ్ళో ఉంది. అల్లుడికి ఇంకా భయం పోలేదు, కింద మెకానిక్కు షాపు ముందు నిలబడి మేడకేసి చూస్తున్నాడు. మాస్టరు కోపం తెచ్చుకోలేదు. నిలబడ్డాడు కదా, అది చాలు అనుకున్నాడు. పాపకి గుండ్రటి తల, వాళ్ళమ్మమ్మ చెవులు. గౌను ఏ రంగో ఆయన అడగలేదు. చాలాసేపు అలా చూస్తూ ఉన్నాడు. రంగు లేకపోయినా ముఖం ముఖమే.

"ఈ శాలువా దానికే. కానీ దీని మీద ఒక తప్పుంది. విప్పేస్తాను."

"ఉండనీ నాన్నా, బాగుంది. నిజంగా ఆకులాగే ఉంది."

"లాండ్రీలో నేను కుట్టినది ఎవరికైనా కనబడితే అది నా పని కాదనేవాడిని. ఆ రీళ్ళ పెట్టె దగ్గరకి జరుపుకో. ఏది దీని రంగో తీసి పక్కన పెట్టు."

"నాకేం తెలుసు నాన్నా? నువ్వు అమ్మ మాట కూడా వినేవాడివి కాదు."

"ఇప్పుడు వింటాను."

కూతురు ఒక్కో రీలూ శాలువా అంచు మీద పెట్టి, వెలుతురుకి తిప్పి చూసింది. పాప ఒక రీలు లాక్కుని నోట్లో పెట్టుకోబోతే విడిపించింది. "ఇది కాదు... ఇది కొంచెం నల్లగా ఉంది... ఇదీ కాదు." చివరికి రెండు మిగిలాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి, కళ్ళు చిట్లించి, పెదవి కొరికింది. అది మాస్టరు అలవాటు. రంగు తేల్చుకోలేనప్పుడు తను అలాగే పెదవి కొరుకుతాడని లాండ్రీలో అందరూ నవ్వేవాళ్ళు.

"ఇది నాన్నా. ఒట్టేసి చెప్పలేను గానీ, ఇదే."

"ఒట్లు చాలమ్మా," అన్నాడు.

పన్నెండింటికి వాళ్ళు వెళ్ళిపోయారు. అడుగులు ఒకటొకటిగా దిగిపోయాయి. గది ఉన్నట్టుండి ఇదివరకటికంటే పెద్దదైనట్టుంది. మాస్టరు చాప మడత పెట్టలేదు. కిటికీ దగ్గర కూర్చుని, పాత దారం ఒక్కో పోగూ కోసి తీసేశాడు. కూతురు పక్కన పెట్టిన రీలు ఎత్తుకున్నాడు. తన కంటికి ఇదీ తీసేసినదీ ఒకేలా ఉన్నాయి. కొత్త దారంతో కలిసిపోకుండా, తీసేసిన పోగులని ఒక పొట్లంలో కట్టి దూరంగా పెట్టాడు. సూదిలో దారం ఎక్కించి మొదటి పోగు లాగాడు. ముప్పై ఏళ్ళలో, ఏ రంగు కుడుతున్నాడో తెలియకుండా కుట్టడం అదే మొదటిసారి.

శుక్రవారానికి పని అయింది. బొటనవేలితో తడిమి, నునుపుగా ఉందని తేల్చుకున్నాడు. అంతకుమించి ఆయనకు తెలిసే దారి లేదు. శనివారం పొద్దున శాలువా కుర్చీ వీపు మీద పరిచాడు. ఏమీ చెప్పకూడదు, ఏమీ అడగకూడదు అని గట్టిగా అనుకున్నాడు.

పాలగిన్నె కేక వినిపించింది. వెళ్ళి చూస్తే గిన్నె పద్నాలుగో మెట్టు మీద ఉంది. ఓనరమ్మ లెక్క తప్పిందో, కావాలనే పెట్టిందో. దాన్ని తెచ్చుకుని తల దువ్వుకున్నాడు.

తొమ్మిదింటికి మాత్రల అమ్మాయి వచ్చింది. ఆయన కేంద్రానికి వెళ్ళిన రోజు నుంచీ ఆమె రోజూ చుక్కల పుస్తకం తెస్తోంది. ఏదో ఒక పేజీ తెరిచి, "ఇది?" అంటుంది. ఈయన "తెలీదు" అంటాడు. ఆమె అలాగే రాసుకుంటుంది. అరచేతిలో ఇప్పుడు మాత్రలు ఒకటి తక్కువ. మాస్టరు మింగాడు, నోరు తెరిచాడు, నాలుక ఎత్తాడు. ఆ అమ్మాయి టిక్కు పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగింది. శాలువా దగ్గరికి వెనక్కి వచ్చింది. అంచు అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. శాలువా మొత్తం దులిపి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది.

"బాబాయ్, ఆకు ఏది?"

మాస్టరు మాస్కు పైకి లాక్కున్నాడు, అవసరానికి మించి.

"రాలిపోయిందమ్మా," అన్నాడు.